బుధవారం నీళ్లు

చేవో తిహెరీనాకి తెలిసిన విద్య ఒక్కటే. నీటిచుక్క కనబడితే ఎండకముందే తుడిచేయడం.

నవ్వకండి. మా టెక్సస్ శాన్ ఆంటోనియో నీళ్లు తాగినవాళ్లెవరూ నవ్వరు. సున్నపురాళ్ల అడుగునుంచి పైకొచ్చే నీళ్లవి. కెటిల్ అడుగున పెచ్చు కడుతుంది, కుళాయి మూతికి తెల్లగడ్డం మొలుస్తుంది, నా సెలూన్లో తలలు కడిగే గొట్టం ఏడాదికొకటి పూడుకుపోతుంది. ఆ నీళ్లు నల్లకారు మీద పడి ఎండాయంటే నీళ్లు పోయి సున్నం మిగులుతుంది. ఒక పూట ఉంటే గుడ్డతో వస్తుంది. వారం ఉంటే వినిగర్ కావాలి. ఒక వేసవి దాటిందా, ఇక అది పెయింటు మీద ఉండదు, పెయింటులోకి దిగిపోతుంది.

ఇదంతా నాకు చేవో చెప్పిందే. పద్నాలుగో ఏట కార్లు కడిగే షాపులో చేరాడు. తర్వాత ముప్పై ఒక్క ఏళ్లు పెళ్లిళ్లకూ చావులకూ నల్లబళ్లు అద్దెకిచ్చే ఒక కంపెనీలో పనిచేశాడు. తను మాత్రం జన్మలో నల్లకారు కొనలేదు. మట్టిరంగు పికప్ ఒకటి ఉండేది, దాన్ని నెలకోసారైనా కడిగేవాడు కాదు.

"నల్లకారు కొన్నవాడికి నిద్దరుండదు కూకా. నాకేమో నిద్దరంటే ఇష్టం," అనేవాడు. కూకా అంటే నేనే. అసలు పేరు రెఫూహియో. ఆ పేరుతో నన్ను పిలిచేది ఆసుపత్రివాళ్లొక్కరే.

కిరాణా కొట్టు ముందు ఎవరిదో కారు మీద నీటిచుక్కలు కనబడితే చాలు, జేబులోంచి గుడ్డ తీసి తుడిచేసేవాడు. ఒకసారి ఆ కారు గలాయన దొంగ దొంగ అని అరిచాడు. చేవో భార్య అంపారో నా కుర్చీలో కూర్చుని తలకి రంగు వేయించుకుంటూ ఈ సంగతి చెప్పి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "నా మొహమ్మీద చెమట పట్టినా కనబడదు మా ఆయనకి. కారు మీద చుక్క మాత్రం వీధి చివర్నుంచి కనబడుతుంది," అంది. ఆవిడ నవ్వు కూడా వీధి చివరిదాకా వినిపించేది.

చేవో పక్కిల్లు లిబ్రాదో కాంతూది. నాది వాళ్లిద్దరికీ ఎదురుగా, వీధికి ఇవతల. ముందుగదిలో రెండు కుర్చీలూ ఒక అద్దమూ పెట్టుకుని జుట్టు కత్తిరిస్తాను. ఆ గదికి పెద్ద కిటికీ ఉంది. ఆ కిటికీ లేకపోతే ఈ కథ ఇంకోలా నడిచేదేమో. అది తర్వాత చెప్తాను.

చేవో, లిబ్రాదో చిన్నప్పట్నుంచి ఒకే బడి, ఒకే ఆట, ఒకే అల్లరి. ఒకే పిల్లని చూసి ఈలలు కూడా వేశారు. ఆ పిల్లని నేనే. ఇద్దరికీ చెప్పు చూపించాను. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లు. అలాంటిది లిబ్రాదోకి కొడుకు అదాన్ పుట్టాక, వాడి జ్ఞానస్నానానికి చేవో జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. మా మెక్సికన్లలో అలా నిలబడితే ఆ ఇద్దరు మగవాళ్లూ ఒకరికొకరు కొంపాద్రే అవుతారు, వాళ్ల ఆడవాళ్లు కొమాద్రే అవుతారు. తోడబుట్టినవాళ్లకన్నా ఒక మెట్టు ఎక్కువ. పాతకాలంవాళ్లు ఇంకో పద్ధతి కూడా పాటిస్తారు. కొంపాద్రే అయిన క్షణంనుంచి నువ్వు అనే మాట ఉండదు. మీరు అనాలి.

చర్చి మెట్లు ఎక్కేటప్పుడు "ఒరేయ్, కొవ్వొత్తి తెచ్చావట్రా?" అన్న లిబ్రాదో, దిగేటప్పుడు "జాగ్రత్త కొంపాద్రే, మెట్టు చూసుకోండి," అన్నాడు. మేమంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. వాళ్లిద్దరూ నవ్వలేదు. ఆ రోజునుంచి ఇరవై ఐదేళ్లు, బీరు తాగినా, పేకాటలో కొట్టుకున్నంత పని చేసినా, మీరే.

"మీరు దొంగాట ఆడుతున్నారు కొంపాద్రే."

"మీ మొహం కొంపాద్రే. ముక్క వెయ్యండి."

లిబ్రాదో బడి బస్సులు బాగుచేసే మెకానిక్కు. ఎనభై ఆరు నాటి బ్యూక్ ఒకటి తుక్కుకి పోతుంటే పట్టుకొచ్చి, నాలుగేళ్లు వెనకాల గరాజ్‌లో పెట్టి బతికించాడు. నలుపు మూడు పూతలు, దానిమీద మెరుపుకోసం రంగులేని క్లియర్ కోటు నాలుగు పూతలు, అన్నీ తన చేత్తోనే కొట్టాడు. దాని తలుపులో చూసుకుని అతని భార్య నియేవెస్ లిప్‌స్టిక్ వేసుకునేది. చేవోకి ఆ కారంటే ప్రాణం. నిద్ర చెడకుండా దొరికిన నల్లకారు మరి.

ఇక్కడే స్ప్రింక్లర్ సంగతి చెప్పాలి. అంపారోకి పచ్చగడ్డి పిచ్చి. మా ఊళ్లో వానలు పడనప్పుడు ఇంటి నంబరు చివరి అంకెని బట్టి వారానికి ఒక్కరోజే గడ్డి తడపనిస్తారు. చేవో ఇంటికి బుధవారం వచ్చింది. పొద్దున ఆరింటికి స్ప్రింక్లర్ లేచి, గడ్డి అంతా తడిపి, చివర్లో కంచె దాటి లిబ్రాదో వాకిట్లో ఆగిన కారు మీద పడేది. కుడివైపు తలుపులు, ముందు ఇంజను మూత సగం, తడిసి ముద్ద. చేవో గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు. ఆ గుడ్డలు కూడా మామూలువి కావు. అదాన్ పొత్తిగుడ్డలు. నూరుసార్లు ఉతికాక పెయింటు మీద గీత పడనంత మెత్తబడతాయని నియేవెస్‌ని అడిగి పట్టుకెళ్లాడు. సూర్యుడు నా ఇంటి కప్పు దాటి అటు పడేలోగా ఒక్క చుక్క లేకుండా తుడిచేసేవాడు. అప్పటికి లిబ్రాదో రెండు కప్పుల కాఫీ పట్టుకుని తన గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉండేవాడు. ఇద్దరూ తీపిరొట్టె ముంచుకుని తినేవాళ్లు. ఏడింటికి లిబ్రాదో పనికి పోయేవాడు.

స్ప్రింక్లర్ తలకి ఒక చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని పావు చుట్టు తిప్పితే నీళ్లు కంచె దాటవు. కాకపోతే ఆ మూల గడ్డి ఎండుతుంది. కారు గరాజ్‌లో పెట్టినా సరిపోయేది. ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ పని చేయలేదు. బుధవారం పొద్దుట కాఫీకి ఒక సాకు కావాలి కదా.

ఒక ఏడాది ఆగస్టులో అంపారో పోయింది. క్యాన్సరు. చేవోకి పిల్లల్లేరు. ఆ గడ్డి మాత్రం మిగిలింది. అంపారో చేతిముద్ర అదొక్కటే అన్నట్టు చూసుకునేవాడు.

మరుసటి ఆగస్టులో ఆవిడ సంవత్సరీకం బుధవారమే పడింది. చేవో తెల్లారకముందే సమాధి దగ్గరికి వెళ్లిపోయాడు. స్ప్రింక్లర్ దాని టైముకి అది లేచింది. ఆ వారం లిబ్రాదోకి తెల్లవారుజాము షిఫ్టు. నియేవెస్ చెల్లెలింటికి వెళ్లింది. కారు తడిసింది, ఎండ నూటనాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీలు కాసింది, సాయంత్రానికి కుడివైపంతా అమ్మవారు పోసిన మొహంలా తెల్లమచ్చలు. ఆదివారం నాడు కార్ల అందాల పోటీ ఉంది. లిబ్రాదో ఏడాదినుంచి ఎదురుచూస్తున్న పోటీ.

చేవో పికప్ దిగుతుంటే లిబ్రాదో వీధిలోకొచ్చి నిలబడ్డాడు. నా కుర్చీల్లో ఇద్దరు ఆడవాళ్లున్నారు. ముగ్గురమూ విన్నాం.

"ఎక్కడ తగలడ్డావ్ నువ్వు?" అని అరిచాడు. "చచ్చినదాని గడ్డి కోసం బతికున్నవాళ్ల బండి నాశనం చేస్తావా నువ్వు?"

చేవో పికప్ తలుపు మూశాడు. చేతిలో సమాధి దగ్గరనుంచి తెచ్చుకున్న ఖాళీ పూలడబ్బా ఉంది. ఆ డబ్బా చూశాక లిబ్రాదోకి తారీకు గుర్తొచ్చింది. మొహం పాలిపోవడం నేను ఇక్కణ్నుంచి చూశాను. కాలు జారితే తీసుకోవచ్చుగానీ నోరు జారితే తీసుకోలేం. చేవో ఇంట్లోకి వెళ్లి స్క్రూడ్రైవర్ తెచ్చి, కంచె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఆ స్క్రూ తిప్పేశాడు.

తర్వాత నాతో ఒకే మాట అన్నాడు. "అంపారోని అన్నాడు, సరే, కోపంలో అన్నాడు. నువ్వు అన్నాడు కూకా. అదాన్‌ని ఎత్తుకుని దేవుడి ముందు నిలబడ్డవాణ్ని, నన్ను నువ్వు అన్నాడు."

లిబ్రాదో ఆదివారం పోటీకి వెళ్లలేదు. కారు తుడవనూ లేదు. ఆ మచ్చలతోనే అదే చోట, కంచె పక్కనే నిలిపాడు. వారం, నెల, ఏడాది. గరాజ్ ఖాళీగా ఉండేది. బుధవారం పొద్దున మెట్టు మీద కూర్చుని కాఫీ తాగుతూ కారు వంక చూసేవాడు. చేవో తన గడ్డి తడుపుకుంటూ ఆ మచ్చలు చూసేవాడు. నీటిచుక్క చూస్తే ఒళ్లు జిలపెట్టే మనిషి, రోజూ ఆ తెల్లమచ్చలు చూసి తల తిప్పుకునేవాడు.

ఇప్పుడు నా కిటికీ సంగతి. ఒకసారి చేవో జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి, "ఎందుకలా పెట్టుకున్నాడంటావ్ కూకా? ఒక్కరోజు కష్టపడితే పోతాయి. ఇప్పటికీ పోతాయి," అన్నాడు. గొంతులో ఏదో మెత్తదనం ఉంది. ఆ క్షణాన ఒక్కమాట మంచిది అనుంటే లేచి వీధి దాటేవాడు. నేనేమన్నానో తెలుసా? "ఎందుకేమిటి, నీ తప్పు వీధికి చూపించడానికి. చూడండి మా కొంపాద్రే నిర్వాకం అని ఎగ్జిబిషన్ పెట్టాడు," అన్నాను. పెద్ద తెలివైనదాన్లా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? అద్దంలో చేవో మొహం గట్టిపడింది. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. లిబ్రాదో స్నేహానికి నీళ్లొదులుకున్నాడు. నేను సరిగ్గా చెప్పానని లోలోపల మురిసిపోయాను కూడా. నా నోరు పడిపోను.

తొమ్మిదేళ్లు గడిచాయి. స్క్రూ తిప్పిన మూల గడ్డి చచ్చి మట్టి తేలింది.

జూన్‌లో ఒక సోమవారం లిబ్రాదో గుండె ఆగిపోయింది. మంగళవారం అదాన్ తను ఉండే కార్పస్ క్రిస్టీనుంచి వచ్చాడు. నేరుగా చేవో తలుపు కొట్టాడు. అప్పుడు నేను చేవోకి పప్పు గిన్నె ఇవ్వడానికి వెళ్లి వంటింట్లో ఉన్నాను.

"పద్రీనో," అన్నాడు అదాన్. జ్ఞానతండ్రిని మేం అలాగే పిలుస్తాం. ముప్పై నాలుగేళ్లవాడు, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "శనివారం నాన్న శవపేటిక బండి వెనకాల బ్యూక్ రావాలని ఆయన కోరిక. వేరే షాపుకి తీసుకెళ్తే అమ్మ ఒప్పుకోవట్లేదు. మీరే చెయ్యాలంటోంది."

చేవో చెయ్యి చాచాడు. "తాళాలు ఉన్నాయా?" అన్నాడు.

వాడు వెళ్లాక చేవో నాకేసి తిరిగాడు. "శనివారానికి ఒక్క చుక్క ఉండకూడదు. తొమ్మిదేళ్లు నా తప్పు వీధికి చూపించాడుగా. అదే వీధి చూస్తుండగా అద్దంలా పంపిస్తా. అప్పుడు చూసుకోమను."

"చనిపోయినవాడితో పంతమేమిటయ్యా?" అన్నాను.

"పంతం కాదు," అన్నాడు. "ఇంకేం చెయ్యగలను నేనాయనకి? నాకు వచ్చింది ఇదొక్కటే."

బుధవారం తెల్లారేసరికి పనిలో దిగాడు. కుళాయి నీళ్లు ముట్టుకోలేదు. ఆ నీళ్లే కదా రోగం. కొట్టులో అమ్మే డిస్టిల్డ్ నీళ్లు డబ్బాలకు డబ్బాలు తెచ్చాడు. నీడకోసం నా పెళ్లినాటి గుడారపు గుడ్డ అడిగి తీసుకుని కారు మీద కట్టాడు. వినిగర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి, పొత్తిగుడ్డలు ముంచి, పిండి, జ్వరం వచ్చినవాడి నుదుటికి వేసినట్టు ఒక్కో పలక మీద పరిచాడు. పెయింటుకి ఆ పులుపు ఎక్కువసేపు పడదు. వాచీ చూసుకుంటూ తీసేవాడు, కడిగేవాడు, మళ్లీ వేసేవాడు. ఎడమవైపూ, కప్పూ, డిక్కీ మూతా మధ్యాహ్నానికే నల్లబడ్డాయి. అటువైపు పడ్డది వానా దుమ్మే గానీ స్ప్రింక్లర్ నీళ్లు కావు.

కుడివైపు మాట వినలేదు. బంకమట్టి లాంటి ముద్దతో రుద్దాడు. గురువారమంతా మెషిన్ పెట్టి పాలిష్ చేశాడు. మచ్చలు పల్చబడ్డాయి, పోలేదు. నన్ను పిలిచి నా వేలు పట్టుకుని తలుపు మీద పెట్టాడు.

"గోరుతో గీకి చూడు. తగిలిందా?"

"లేదే. నున్నగా ఉంది."

"కంటికి?"

"కనబడుతోంది."

"అదే. గోటికి తగిలితే పైనున్నట్టు. గోటికి తగలక కంటికి కనబడితే లోపలికి దిగినట్టు." చెయ్యి వదిలేశాడు. "ఆ సాయంత్రమే వచ్చుంటే ఒక్క గుడ్డతో పోయేది. ఒకే ఒక్క గుడ్డ."

శుక్రవారం ఉప్పుకాగితం తీశాడు. మూడువేల నంబరుది, ముట్టుకుంటే పట్టులా ఉంటుంది. క్లియర్ కోటు పైపొరని అరగదీసి, మచ్చ దిగినంత లోతూ తీసేయాలి. ఎక్కువైతే క్లియర్ పోయి నలుపు బయటపడుతుంది, ఇంకా రుద్దితే నలుపూ పోతుంది. లిబ్రాదో చేత్తో కొట్టిన పెయింటు. పది రుద్దులు రుద్దడం, తుడవడం, దీపం పెట్టి చూడడం. మరో పది. డెబ్భై రెండేళ్ల మనిషి, చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. పక్కింట్లో సాయంత్రం జపమాల ప్రార్థనకి జనం చేరుతున్నారు. ముందు మూత మీదివి పోయాయి. వెనక తలుపు మీదివి కూడా పోయినట్టే. ముందు కుడి తలుపు మీద, పిడికి కింద అరచేతి వెడల్పున చుక్కల గుంపు ఒకటి మిగిలింది. మరో పది రుద్దాడు. గుడ్డకి లేతగా నల్లరంగు అంటుకుంది.

అది చూసి చేవో కూలబడిపోయాడు. క్లియర్ అయిపోయిందని అర్థం.

"చాలు, వదిలెయ్యవయ్యా," అన్నాను.

"వదలను. ఇవి ఉంటే ఎలా? ఇంకొక్క పది."

కాగితం మళ్లీ పెట్టబోతుంటే నియేవెస్ వచ్చింది. నల్లబట్టలు, చేతిలో రెండు కప్పుల కాఫీ. ఒకటి కారు పక్కన మెట్టు మీద పెట్టింది, రెండోది చేవోకి చాచింది.

"ఆపండి కొంపాద్రే," అంది.

"ఒక్క రెండు నిమిషాలు కొమాద్రే. ఈ కాస్త పోతే ఇక ఆయన నన్ను ఎత్తిచూపడానికి ఏమీ ఉండదు."

నియేవెస్‌కి అర్థం కాలేదు. "ఎవరు ఎత్తిచూపారు మిమ్మల్ని?"

"ఎవరేమిటి? తొమ్మిదేళ్లు ఈ మచ్చలు తుడవకుండా నా కళ్లముందు పెట్టలేదూ? గరాజ్ ఉండి కూడా?"

ఆవిడ ఆ కప్పు కూడా మెట్టు మీద పెట్టేసి ఏడ్చింది. లిబ్రాదో పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

"గరాజ్‌లో పెట్టమని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో తెలుసా?" అంది. "గరాజ్‌లో పెడితే మా కొంపాద్రే ఎలా వస్తారే, అనేవారు. ఆయన నీటిచుక్క చూస్తే ఆగలేరు, ఏదో ఒక బుధవారం గుడ్డ పట్టుకుని వచ్చేస్తారు చూడు, అనేవారు. నన్నొక్క మచ్చ ముట్టుకోనిచ్చేవారు కాదు. వెళ్లి తలుపు కొట్టచ్చుగా అంటే, ఏ మొహం పెట్టుకుని వెళ్లను, కొంపాద్రేని పట్టుకుని నువ్వు అన్నాను, అంపారో రోజున అన్నాను, ఆయన వస్తే కాళ్ల మీద పడతాను గానీ నేనెలా వెళ్లను, అనేవారు. తొమ్మిదేళ్లు ప్రతి బుధవారం రెండు కప్పులు కలిపాను కొంపాద్రే. రెండోది సింకులో పారబోశాను. ఇంట్లో కూడా ఏ రోజూ మిమ్మల్ని 'ఆయన' అనే తప్ప ఇంకోలా అనలేదు. నేనైనా వచ్చి చెప్పాల్సింది. మగాళ్ల మధ్య నాకెందుకనుకున్నాను."

రెండో కప్పు. నా కిటికీలోంచి చూస్తే ఆ మెట్టు మీద ఒక్క కప్పే కనబడేది. రెండోది కారు చాటున ఉండేది. తొమ్మిదేళ్లు చూశాను, చూసినదాన్ని చూసినట్టు చెప్పాను, అంతా తప్పు చెప్పాను. నేను అక్కడే ఉన్నాను. ఎగ్జిబిషన్ అన్నది నేనేనని నియేవెస్‌కి చెప్పేయాలని నోరు తెరిచాను. చేవో నాకేసి చూసి వద్దన్నట్టు తల ఊపాడు. ఆ దయ కన్నా నాలుగు తిట్టుంటే బాగుండేది.

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కప్పు రెండు చేతులతో పట్టుకుని చల్లారిన కాఫీ మొత్తం తాగాడు. ఆ చుక్కల గుంపు మీద మైనం రాసి అలాగే వదిలేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని అందామనుకున్నాను, అనలేదు. జీవితంలో ఒక్కసారైనా నోరు మూసుకున్నాను.

శనివారం వీధంతా గుమ్మాల్లో నిలబడింది. పేటిక బండి వెనకాల బ్యూక్ కదిలింది. నడిపింది చేవోయే. అదాన్ తాళాలు ఆయన చేతిలో పెట్టి తను పక్కన కూర్చున్నాడు. కారు కప్పు మీద మబ్బులు కనబడేంత నలుపు. ముందు కుడి తలుపు మీద మాత్రం తెల్లచుక్కలు. మూల ఇంటి ముసలాయన "చేవో చేతికి కూడా పోనివి ఉన్నాయన్నమాట," అన్నాడు. నేను వాడి మీద పడి కరిచినంత పని చేశాను.

సమాధి దగ్గర అందరూ తలో గుప్పెడు మట్టి వేశారు. చేవో చివర్న వెళ్లాడు. మట్టి వెయ్యలేదు. వంగి పేటిక మూత మీద పడ్డ పవిత్రజలం చుక్కల్ని పొత్తిగుడ్డతో తుడిచాడు. ఫాదర్ ఏదో అనబోయి ఆగిపోయారు.

"జాగ్రత్త కొంపాద్రే," అన్నాడు చేవో. "మెట్టు చూసుకోండి."

ఆదివారం అదాన్ కారు తీసుకుని కార్పస్ క్రిస్టీ వెళ్లిపోయాడు. తప్పు పట్టను, తండ్రి కారు, కొడుకు తీసుకెళ్తాడు. సముద్రపు ఉప్పుగాలికి దానికి ఇంకేం మచ్చలు వస్తాయో.

తర్వాతి బుధవారం ఆరింటికి నేను కిటికీ తెర తీసేసరికి స్ప్రింక్లర్ లేచింది. గడ్డి తడిపింది, చచ్చిపోయిన మూల తడిపింది, కంచె దాటింది. లిబ్రాదో ఖాళీ వాకిట్లో సిమెంటు మీద నీళ్లు టపటపా పడుతున్నాయి. చేవో గుడ్డ పట్టుకుని అక్కడ నిలబడి ఉన్నాడు. చెప్పులు వేసుకుని వీధి దాటాను.

"ఎందుకయ్యా ఖాళీ నేల తడుపుతున్నావ్?"

"ఆ మూల గడ్డి ఎండిపోయింది కదా," అన్నాడు, నావైపు చూడకుండా.

తలుపు తెరుచుకుంది. నియేవెస్ రెండు కప్పులు తెచ్చింది. అలవాటు చొప్పున కలిపేశానంది. చేవో మెట్టు మీద కూర్చున్నాడు. లిబ్రాదో కూర్చునే వైపు వదిలి, రెండోవైపు. కప్పు ఖాళీ అయ్యేదాకా తాగాడు.

"పావు చుట్టే కొమాద్రే," అన్నాడు చివరికి. "తిప్పడానికి పట్టింది పావు చుట్టు. వెనక్కి తిప్పడానికీ పావు చుట్టే. ఇవాళ చూశాను."

నీళ్లు ఆగాయి. సూర్యుడు నా ఇంటి కప్పు దాటి అటు పడ్డాడు. సిమెంటు మీద చుక్కలు అంచులనుంచి తెల్లబడుతూ ఒక్కొక్కటే ఎండిపోయాయి. చేవో గుడ్డ ఒళ్లో పెట్టుకుని, చివరి చుక్కదాకా, అలా చూస్తూ కూర్చున్నాడు.